లండన్‌కి దారి అమరావతి మీదుగా

వేసవి దగ్గర పడుతుంటే ఉప్పల్, నాచారం కాలనీల్లో పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లన్నిట్లో ఒకటే హడావుడి. అబ్బాయో అమ్మాయో లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ఉద్యోగంలో ఉంటారు. అమ్మానాన్నల్ని, వీలైతే అక్కాబావల్ని, వాళ్ల పిల్లల్ని కూడా రమ్మంటారు. ఇక ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు తీయించాలి, ఆహ్వాన పత్రం తెప్పించుకోవాలి, వేలిముద్రలకి స్లాటు దొరకాలి, పెద్దాయన బీపీ మాత్రలకి డాక్టరు చీటీ రాయించాలి, ఆవకాయ కారకుండా ఎన్ని కవర్లు చుట్టాలో తేల్చుకోవాలి. బడి సెలవులు, ఆఫీసు సెలవులు, టిక్కెట్ల ధరలు మూడూ కలిసొచ్చే వారం వెతకాలి. ఇన్ని లెక్కలు వేసే ఇంట్లో ఒక్క సంగతి మాత్రం చిట్టచివరికి మిగిలిపోతుంది: వెళ్లి ఏం చూడాలి? దానికి జవాబు విమానం దిగాక ఫోన్లో వెతుకుతారు. లండన్ ఐ, బిగ్ బెన్, టవర్ బ్రిడ్జి, మైనపు బొమ్మలు. మూడు రోజుల్లో పది చోట్లు, పది చోట్లా ఫోటోలు. తిరిగొచ్చాక ఏ ఫోటో ఎక్కడిదో ఆ ఇంట్లో వాళ్లకే తేలదు.

ఈ వరస తిరగబడాలని నా వాదన. చూడబోయే చారిత్రక స్థలాన్ని వీసా కన్నా ముందు ఎంచుకోవాలి. అది మన నేలతో ముడిపడినదై ఉండాలి. ఆ ముడికి ఇటు కొస మన దగ్గరే ఉంటుంది కాబట్టి, కుటుంబమంతా ముందు దాన్ని చూసి ఆ తర్వాతే సముద్రం దాటాలి. లండన్ వెళ్లే తెలుగువాళ్ల కోసం అలాంటి చోటు ఒకటి సిద్ధంగా ఉంది. బ్రిటిష్ మ్యూజియంలో 33ఎ నంబరు గది. గుంటూరు సీమలో కృష్ణ ఒడ్డున నిలిచిన అమరావతి మహాస్తూపం నుంచి తరలిపోయిన 120కి పైగా సున్నపురాతి శిల్పాలు ఆ మ్యూజియం దగ్గర ఉన్నాయి. వాటికని ఆ గది కట్టారు.

మనవాళ్లు లండన్‌లో మన సొత్తు అసలు చూడరని అనలేం. కోహినూరు కోసం టవర్ ఆఫ్ లండన్‌కి చాలామంది వెళతారు. తలకి 30 పౌండ్లు దాటే టిక్కెట్టు కొని, వరసలో నిలబడి, కిరీటాల దగ్గరికి చేరాక అక్కడ కదిలే నడకదారి ఉంటుంది. దానిమీద నిలబడితే అదే మనల్ని ముందుకి తీసుకుపోతుంది. ఆ వజ్రం కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని ఎక్కువగా చెప్పుకుంటారు. 1849లో లాహోరు సంధి కింద బ్రిటిష్ వాళ్ల చేతికి చిక్కింది. 1852లో దాన్ని మళ్లీ సానపట్టారు. 186 క్యారెట్ల రాయి 106 క్యారెట్ల లోపుకి తగ్గిపోయింది. అంటే ఇక్కడి నుంచి వెళ్లిన ఆకారం ఇప్పుడు అక్కడ కూడా లేదు. ఇటు కొల్లూరు చూద్దామంటే గనుల చోటు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది. రెండు కొసలూ మూసుకుపోయిన కథ అది. అదే నదికి దిగువన ఉన్న అమరావతి సంగతి వేరు. స్తూపం ఉన్న చోటు ఉంది, దాని రాళ్లున్నాయి, రాళ్లని ఎవరు ఎప్పుడు ఎక్కడికి తరలించారో కాగితాలున్నాయి. పైగా బ్రిటిష్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. ఒక రాయి ముందు గంటసేపు నిలబడినా ముందుకి నడవమని ఎవరూ అనరు.

ఈ కథకి ఉప్పల్‌లోనే ఒక మొదలు దొరుకుతుంది. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా ప్రాంగణం ఉంది. దేశం నలుమూలల నుంచి వచ్చే సర్వేయర్లకి శిక్షణ ఇచ్చే సంస్థ అక్కడ నడుస్తోంది. 1767లో మొదలైన ఆ శాఖ చరిత్రలో, మొత్తం దేశానికి సర్వేయర్ జనరల్ అనే పదవి 1815లో వచ్చింది. ఆ పదవిలో మొట్టమొదట కూర్చున్నవాడు కోలిన్ మెకంజీ. స్కాట్లాండులో లూయిస్ దీవిలో పుట్టి, 1790లలో నిజాం రాజ్యంలో సర్వే చేసినవాడు. ఏలూరు నుంచి వచ్చిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే ముగ్గురు అన్నదమ్ములు ఆయన పనికి కళ్లూ నోరూ అయ్యారు. ఊళ్లలో కైఫియతులు, అంటే ఊరి చరిత్రలు, రాయించిందీ, శాసనాలు చదివించిందీ చాలావరకు వాళ్లే. ఆ మెకంజీ 1797 ప్రాంతంలో మొదటిసారి అమరావతి వచ్చాడు. అప్పటికి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు అక్కడ కొత్త పట్నం కట్టిస్తున్నారు. ఊరివాళ్లు దీపాలదిన్నె అని పిలుచుకునే మట్టిదిబ్బలోంచి చెక్కడపు రాళ్లు బయటపడుతున్నాయి. 1816లో మెకంజీ మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వి ఉంది. రాళ్లు చాలావరకు కట్టడాలకి పోయాయి. మిగిలినవాటికి ఆయన తన మనుషుల చేత నెలల తరబడి కొలతలు తీయించి బొమ్మలు వేయించాడు. ఆ బొమ్మలు ఇప్పుడు లండన్‌లోనే బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. తర్వాత మాయమైన కొన్ని రాళ్లకి మిగిలిన గుర్తు ఆ బొమ్మలే. ఉప్పల్‌లో ఆ ప్రాంగణం గోడ పక్కనుంచి రోజూ స్కూలు బస్సులో పోయే పిల్లకి ఈ సంగతి ఎవరూ చెప్పరు. చెబితే ఆ గోడకీ లండన్‌లోని ఒక గదికీ మధ్య దారి ఆ పిల్లకి ఇక్కడే కనబడుతుంది.

మెకంజీ తర్వాత కథ త్వరగా చెప్పుకోవచ్చు, అందులో సంతోషించాల్సింది తక్కువ. కొన్ని పలకల్ని ఒక కలెక్టరు మచిలీపట్నం తరలించి అక్కడి చౌకులో అలంకారంగా నిలబెట్టించాడు. 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి తీసిన శిల్పాలు మద్రాసు చేరి, పద్నాలుగేళ్లపాటు ఎండకీ వానకీ ఆరుబయట పడి ఉన్నాయి. 1859లో వాటిని లండన్‌కి ఓడెక్కించారు. అక్కడా వెంటనే ఆదరణ దొరకలేదు. 1867లో జేమ్స్ ఫెర్గూసన్ అనే కట్టడాల పండితుడు పారిస్ ప్రదర్శనకి ఫోటోల కోసం వెతుకుతూ, బండ్లు పెట్టుకునే కొట్టంలో మరుగున పడ్డ ఈ రాళ్లని గుర్తుపట్టాడు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియం చేరాయి. చాలాకాలం పెద్ద మెట్లదారి గోడల మీద ఉండి, లండన్ తేమకీ మసికీ రాయి పాడవుతుంటే దించేశారు. 1992లో గాలిలో తేమని అదుపులో ఉంచే ప్రత్యేకమైన గది కట్టి పెట్టారు. అదే 33ఎ. ఇక్కడ మిగిలిన దిబ్బ గతి ఇంకా దారుణం. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ఆదేశాలతో ఒక్కసారిగా తవ్వేయించడంతో ఏ రాయి ఎక్కడ నిలబడి ఉండేదో చెప్పే ఆనవాళ్లు చెదిరిపోయాయి. ఆ తర్వాత బర్జెస్ అనే పురావస్తు పండితుడు వచ్చి దొరికినంత వరకు నమోదు చేశాడు. ఆ రాళ్లలో ఎక్కువ భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి వెళ్లాయి. ఒక పట్టుచీరలో కుచ్చిళ్లు ఒక ఊళ్లో, పమిట ఇంకో ఊళ్లో, అంచు మూడో ఊళ్లో ఉన్నట్టు మహాస్తూపం ఇవాళ అమరావతి, చెన్నై, లండన్ మధ్య చిరిగి ఉంది. ఒక్క ముక్క చూసి చీర ఎలా ఉండేదో ఊహించమంటే ఎవరివల్లా కాదు.

అసలు వాదనకి గట్టి సాక్ష్యం ఆ గదిలోని శిల్పాలే. ఏమీ తెలియకుండా లోపలికి వెళితే లేత బూడిదరంగు రాళ్లు, వాటినిండా కిక్కిరిసిన మనుషులు కనిపిస్తారు. రెండు నిమిషాల్లో బయటికొచ్చి ఈజిప్టు మమ్మీల దారి అడుగుతాం. తెలిసి వెళ్తే సంగతి మారిపోతుంది. ఒక పలక మీద నాలుగు ఘట్టాలున్నాయి: మాయాదేవికి కల రావడం, శుద్ధోదనుడి కొలువులో ఆ కలకి అర్థం చెప్పడం, ప్రసవం, బిడ్డని యక్షుడి దగ్గరికి తీసుకువెళ్లడం. ప్రసవ ఘట్టంలో మాయాదేవి చెట్టుకొమ్మ పట్టుకుని నిలబడి ఉంటుంది. దేవతలు పొడవాటి గుడ్డ పట్టుకుని ఉంటారు. బిడ్డ మాత్రం ఎక్కడా కనబడడు. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ గుడ్డ మీద బుల్లి బుల్లి పాదముద్రలు ఉంటాయి. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కకుండా పాదాలతో, ఖాళీ సింహాసనంతో, బోధివృక్షంతో, ధర్మచక్రంతో చూపించడం ఆ శిల్పుల తొలి పద్ధతి. ఈ ఒక్క మాట ముందే తెలిసిన పదేళ్ల పిల్ల ఆ గదిలో ప్రతి పలక మీదా బుద్ధుణ్ణి వెతుక్కుంటుంది, వెతికి పట్టుకుంటుంది. మరో పలకకి రెండు వైపులా చెక్కడమే. ఒకవైపు క్రీస్తుకి పూర్వం నాటి పని: బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న జనం. మూడు శతాబ్దాలు పోయాక, స్తూపాన్ని మళ్లీ సింగారించే రోజుల్లో, అదే రాయిని తిప్పి వెనకవైపు మొత్తం స్తూపం బొమ్మ చెక్కారు. గుమ్మటంలా లేచిన అండం, దాని చుట్టూ ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, ఎదురుగా వరసగా అయిదు ఆయక స్తంభాలు. అసలు స్తూపం నేలమట్టమయ్యాక అది ఎలా ఉండేదో మనకి చెబుతున్నది ఇలాంటి పలకలే. అమరావతిలో ఆ గుండ్రటి ఇటుక కట్టు చుట్టూ ముందుగా ఒకసారి నడిచి ఉంటే, ఈ పలక ముందు నిలబడగానే ఆ ఖాళీ చోటు మీద స్తూపం లేచి నిలబడుతుంది. ఆ నడక లేకపోతే అదొక అందమైన బొమ్మ, అంతే.

ఇక మొదటి అభ్యంతరం ఖర్చుది. లక్షలు పోసి లండన్ వెళ్లి గుంటూరు రాళ్లు చూడటమేమిటి, అవే చూడాలంటే గుంటూరే వెళ్లొచ్చు కదా అంటారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఒక్క శిల్పాల కోసం లండన్ వెళ్లమని నేను అనడం లేదు. పిల్లల దగ్గరికి ఎలాగూ వెళుతున్నవాళ్ల గురించే ఈ మాట. వాళ్ల ప్రయాణంలో ఇది అదనపు ఖర్చు కాదు, టిక్కెట్టు లేని చోటు. ఖర్చయ్యేదల్లా ఇక్కడి ప్రయాణానికే, అదీ ఎక్కువ కాదు. ఉప్పల్ నుంచి ఎల్బీనగర్ మీదుగా విజయవాడ హైవే ఎక్కి పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికి అమరావతి చేరతాం. స్తూపం చోటూ, పురావస్తు శాఖ మ్యూజియమూ, అమరేశ్వరుడి గుడీ ఒక్క పూటలో చూడొచ్చు. తిరుగుదారిలో సూర్యాపేట దగ్గర జనగామ రోడ్డు పట్టుకుంటే ఫణిగిరి వస్తుంది. నిజాం కాలంలో 1940లలో ఒకసారి, 2000 తర్వాత మళ్లీ తవ్విన కొండ అది. అక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో పెద్ద ప్రదర్శనకి వెళ్లొచ్చాయి.  మన ఇంటి నుంచి ఫణిగిరి సగం రోజు దూరం కూడా లేదు. అమరావతి దాకా కుదరనివాళ్లకి నాగార్జునసాగర్‌లో 2022లో తెరిచిన బుద్ధవనం ఉంది. అమరావతి స్తూపాన్ని తలపించే మహాస్తూపం అక్కడ కొత్తగా కట్టారు. ఆయక స్తంభాలు ఎక్కడ నిలుస్తాయో, ప్రదక్షిణ ఎటు సాగుతుందో పిల్లలకి అక్కడ నేర్పొచ్చు.

రెండో అభ్యంతరం ఆత్మగౌరవానిది, నేను అన్నిటికన్నా ఎక్కువ విలువిచ్చేదీ అదే. మన దగ్గర నుంచి ఎత్తుకుపోయిన వాటిని వాళ్లింట్లో వరసలో నిలబడి చూసొస్తే, ఆ ఎత్తుకుపోవడాన్ని ఒప్పుకున్నట్టు కాదా అని అడిగేవాళ్లున్నారు. ఆ రాళ్లు కృష్ణ ఒడ్డుకి తిరిగి రావాలనే నేనూ కోరుకుంటాను. పాలించేవాడు పాలితుడి నేలలోంచి తీసుకెళ్లినదాన్ని కొనుగోలు అనో కానుక అనో అనలేం. అయితే రెండు సంగతులు మరిచిపోకూడదు. ఆ దిబ్బ రాళ్లని మొదట మెట్లకీ గోడలకీ వాడుకున్నది మనవాళ్లే. మనకి తెలియక జరిగిన నష్టం అది, దాన్ని దాచిపెట్టుకుని అడిగితే మన అడగడంలో బలం ఉండదు. రెండోది, తిరిగి రప్పించుకోవడానికి ముందు ఏది ఎక్కడుందో తెలిసి ఉండాలి. 2016లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ తన దగ్గరున్న మూడో శతాబ్దపు ఆంధ్ర బౌద్ధ శిల్పాన్ని భారతదేశానికి అప్పగించింది. దొంగతనంగా దేశం దాటిందన్న ఆధారాలు దానికి దారి చూపాయి. బ్రిటిష్ మ్యూజియం దగ్గర ఉన్నవాటికి 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టమే అడ్డం. సేకరణలోంచి వస్తువులు బయటికి ఇవ్వడాన్ని అది దాదాపు కట్టడి చేసింది. ఆ చట్టం మారాలంటే ఒత్తిడి అక్కడి జనంలోంచి, అక్కడ ఓటు హక్కున్న మన పిల్లల్లోంచి కూడా రావాలి. గ్రీకుల్ని చూడండి. పార్థెనాన్ శిల్పాల కోసం పోరాడుతూనే, 2009లో ఏథెన్స్‌లో కొత్త మ్యూజియం కట్టి, లండన్‌లో ఉండిపోయిన ముక్కల స్థానంలో తెల్లటి నకళ్లు పెట్టారు. ఏథెన్స్‌లో ఆ గదిలోకి వెళ్లినవాళ్లకి ఏది మిగిలిందో, ఏది పోయిందో ఒక్క చూపులో తెలిసిపోతుంది. అమరావతిలో అలాంటి గది రావాలని అడగాల్సింది మనమే. చూడనివాళ్లు, పేరు తెలియనివాళ్లు ఏమని అడుగుతారు?

పిల్లలకి విసుగొస్తుందంటారు. విసుగు రాళ్లవల్ల రాదు, ఒకేరోజు అయిదు చోట్లు తిప్పడంవల్ల వస్తుంది. పిల్లల చేతికి పని ఇవ్వండి: అయిదు స్తంభాలు లెక్కపెట్టు, ఖాళీ సింహాసనం ఎక్కడుందో చూపించు, మనిషి లేకుండా పోతున్న గుర్రాన్ని కనిపెట్టు, గుడ్డ మీద పాదాలు ఎన్నో చెప్పు. అయిదు స్తంభాలు బుద్ధుడి జీవితంలో అయిదు ఘట్టాలకి గుర్తులని, పుట్టుక, గడప దాటడం, బోధి, తొలి బోధన, నిర్యాణమని అమ్మమ్మో నాయనమ్మో చెబితే ఇంకా మంచిది. బుద్ధుడి కథ చెప్పలేని పెద్దవాళ్లు మన ఇళ్లలో అరుదు. ఊరుగాని ఊళ్లో ఇంగ్లీషు రాక వెనక్కి తగ్గి నిలబడే పెద్దావిడ ఆ గదిలో అందరికీ చెప్పే మనిషి అవుతుంది. విదేశీ ప్రయాణంలో పెద్దవాళ్లకి అలాంటి చోటు ఇంకొకటి దొరకదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి పది చోట్ల పరుగు కన్నా ఒకే భవనంలో ఒక పూట గడపడం ఎంతో నయం. మాంటేగ్ ప్లేస్ వైపు ద్వారం నుంచి వెళితే 33వ గది దగ్గర పడుతుంది, దాని కొసన గాజు గోడ వెనక 33ఎ ఉంటుంది.

ఫోటోలు, వీడియోలు ఇంట్లో కూర్చునే చూడొచ్చు కదా అన్న మాట మిగిలింది. చూడొచ్చు, ముందు చూసే వెళ్లాలి కూడా. అయితే ప్రాకార స్తంభం మనిషి కన్నా ఎత్తని ఫోన్ తెర చెప్పదు. దాని పక్కన నిలబడ్డ పిల్లాడు తల పైకెత్తాల్సి వస్తుందని చెప్పదు. శిల్పి ఉలి ఎంత లోతుకి దిగిందో, వేలెడంత చోటులో ఎంతమంది మొహాలు చెక్కాడో రాయి ముందే తెలుస్తుంది. ఒక స్థలాన్ని చూడటమంటే దాని కొలతలో మనం ఎంతో తెలుసుకోవడం. అది ఫోటో ఇవ్వదు.

ఈ వేసవికి టిక్కెట్లు తీస్తున్నవాళ్లకి ఒక మనవి. వీసా స్లాటు కోసం కూర్చున్న రోజే క్యాలెండర్లో ఒక శనివారం, ఒక ఆదివారం అమరావతికి రాసిపెట్టుకోండి. ఆ రెండు రోజుల్లో పిల్లల చేత స్తూపం చుట్టూ అడుగులు లెక్కపెట్టించి ఆ అంకె రాసుకోమనండి. చెన్నైలో బంధువులుంటే ఎగ్మూరు మ్యూజియం కూడా కలుపుకోండి. లండన్‌లో ఆ గది ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో బయలుదేరే ముందు మ్యూజియం వెబ్‌సైటులో చూసుకోండి. ఒక్కోసారి కొన్ని గదులు మూసి ఉంచుతారు. వారం మాత్రం గుర్తుపెట్టుకోండి: అమరావతి మ్యూజియానికీ ఎగ్మూరు మ్యూజియానికీ శుక్రవారం సెలవు, బ్రిటిష్ మ్యూజియం శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుంది.